ఆన్‌లైన్‌లో అమ్మే ముందు: చేతికి ఎంత మిగులుతుందో లెక్క చూసుకోండి

ఈ సమాచారం ఎవరి కోసం?

పచ్చళ్లు, పొడులు, పూతరేకులు, అప్పడాలు చేసే డ్వాక్రా సంఘాల సభ్యులకు. చేనేత కుటుంబాలకు. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల్లాంటి చేతిపనులు చేసేవారికి. ఇంటి నుంచే చిన్న వ్యాపారం మొదలుపెట్టాలనుకునే ఎవరికైనా.

"ఆన్‌లైన్‌లో పెట్టండి, దేశమంతా కొంటారు" అని చాలామంది చెబుతారు. మాట నిజమే. కానీ ఆన్‌లైన్‌లో అమ్ముడుపోవడం వేరు, ఆన్‌లైన్‌లో మిగలడం వేరు. ఆర్డర్లు బాగా వచ్చినా ఏడాది చివర చేతిలో ఏమీ ఉండని వ్యాపారాలు ఉంటాయి. ఎందుకు అలా అవుతుంది, అలా కాకుండా ఏం చూసుకోవాలి అన్నదే ఈ పీడీఎఫ్. నిదానంగా చదవండి. లెక్కలు ఉన్న చోట పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి.

1. ఆన్‌లైన్ కొట్టు అంటే ఏమిటి?

అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ ఇవి నాలుగు రకాలు. ఏది మీకు సరిపోతుందో ముందు తెలుసుకోవాలి.

మొదటిది: మార్కెట్‌ప్లేస్. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటివి. దీన్ని మన వారపు సంతలా అనుకోండి. స్థలం సంత వాళ్లది, సరుకు మీది. జనం ముందే వచ్చి ఉంటారు. మీరు కూర్చుని అమ్ముకున్నందుకు ఆశీలు కట్టాలి. ఆన్‌లైన్‌లో ఆ ఆశీలుకే కమీషన్ అని పేరు. దాంతోపాటు రవాణా ఖర్చు, ఆర్డరుకింత అని ఫిక్స్‌డ్ ఫీజు కూడా ఉండొచ్చు. కొన్ని ప్లాట్‌ఫామ్‌లు "కమీషన్ సున్నా" అంటాయి. అప్పుడు రవాణా, ప్రకటనల ఖర్చు ఎంతో తప్పకుండా అడగాలి. సంతలో పక్కనే ఇంకో పదిమంది అదే సరుకు పెట్టుకుని కూర్చుంటారన్నది కూడా మరిచిపోవద్దు.

రెండోది: సొంత ఆన్‌లైన్ స్టోరు. మీ పేరుతో వెబ్‌సైట్, లేదంటే వాట్సాప్ బిజినెస్ కేటలాగ్, ఇన్‌స్టాగ్రామ్ పేజీ. ఇది ఇంటి అరుగు మీద పెట్టుకున్న కొట్టు లాంటిది. ఆశీలు లేదు. ధర మీ ఇష్టం. కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉంటాయి, పండక్కి మళ్లీ మీరే మెసేజ్ పెట్టుకోవచ్చు. కానీ ఆ వీధిలోకి జనాన్ని తెచ్చుకోవాల్సింది మీరే. ఫొటోలు పెట్టడం, అడిగినవాళ్లకు జవాబు చెప్పడం, కొరియర్‌కు వేయడం అన్నీ మీ పనే.

మూడోది: ఓఎన్‌డీసీ. ఇది యాప్ కాదు, ఒక నెట్‌వర్క్. కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహంతో 2021 డిసెంబరులో లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది. యూపీఐతో పోల్చి చూస్తే సులువుగా అర్థమవుతుంది. మీ ఫోన్‌లో ఒక యాప్, ఎదుటివారి ఫోన్‌లో ఇంకో యాప్ ఉన్నా డబ్బులు వెళ్తున్నాయి కదా. అలాగే ఇక్కడ మీరు ఒక సెల్లర్ యాప్‌లో సరుకు పెడితే, ఆ నెట్‌వర్క్‌లో ఉన్న వేర్వేరు బయ్యర్ యాప్‌లలో కనిపిస్తుంది. ఏ సెల్లర్ యాప్ ద్వారా చేరుతున్నారో దాని ఫీజు ఎంతో చూసుకోవాలి.

నాలుగోది: ప్రభుత్వ వేదికలు. స్వయం సహాయక సంఘాల ఉత్పత్తులకు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ ఈ-సరస్ పోర్టల్ నడుపుతోంది. చేనేత, హస్తకళల వారి కోసం కేంద్ర జౌళి శాఖ ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్ పెట్టింది. అందులో కమీషన్ లేదు. ప్రభుత్వ ఆఫీసులకే అమ్మాలంటే 2016లో మొదలైన జెమ్ పోర్టల్ ఉంది. ఫైలు కవర్లు, యూనిఫారాలు, దుప్పట్లు చేసే సంఘాలకు ఇది పనికొస్తుంది. రాష్ట్రంలో చేనేతకు ఆప్కో, హస్తకళలకు లేపాక్షి ఉండనే ఉన్నాయి.

ఒకటే ఎంచుకోవాలని లేదు. కానీ మొదట్లోనే నాలుగు చోట్లా పెట్టేస్తే స్టాకు లెక్క తప్పుతుంది. చేనేతలో ఇది మరీ ముఖ్యం. మగ్గం మీంచి దిగిన చీర ఒక్కటే ఉంటుంది. దాన్ని రెండు చోట్ల పెడితే, రెండు ఆర్డర్లు ఒకేసారి వస్తే, ఒకటి రద్దు చేయక తప్పదు. అలా రద్దు చేస్తే మార్కెట్‌ప్లేస్‌లో మీ రేటింగ్ పడిపోతుంది, జరిమానా కూడా పడొచ్చు.

2. ఒక ఆర్డరు ఎలా నడుస్తుంది?

కస్టమర్ ఆర్డరు పెడతారు. మీ ఫోన్‌కు కబురు వస్తుంది. చెప్పిన గడువులో ప్యాక్ చేసి, ప్లాట్‌ఫామ్ ఇచ్చిన లేబుల్ ప్రింటు తీసి అంటించాలి. కొరియర్ అబ్బాయి వచ్చి తీసుకెళ్తాడు, లేదా మీరే ఇచ్చి రావాలి. సరుకు చేరుతుంది. రిటర్న్ గడువు అయ్యాక, కోతలు పోను మిగిలింది మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి.

ఒకటి, డబ్బు వెంటనే రాదు. సరుకు పంపిన రోజుకూ డబ్బు పడే రోజుకూ మధ్య చాలాసార్లు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా నూనె, కారం, బెల్లం, నూలు మళ్లీ కొనాలి. అంటే కనీసం పదిహేను, ఇరవై రోజుల పెట్టుబడి చేతిలో ఉండాలి. బ్యాంకు లింకేజీ అప్పు ఉన్న సంఘాలు నెలవారీ కిస్తీ తేదీని కూడా చూసుకోవాలి.

రెండు, క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో కస్టమర్ తలుపు దగ్గరే "వద్దు" అనేయొచ్చు. సరుకు వెనక్కి వస్తుంది. దాని ఖర్చు ఎవరిమీద పడుతుందో ప్లాట్‌ఫామ్ నిబంధనల్లో ముందే చదవండి. మీ సొంత స్టోరులో అయితే ముందు చెల్లింపు పెట్టుకోవడమే మేలు.

3. అసలు లెక్క: అరకిలో ఆవకాయ సీసా

ఇది ఉదాహరణ మాత్రమే. ఫీజులు ప్లాట్‌ఫామ్‌ను బట్టి, వస్తువును బట్టి మారుతాయి. మీ అంకెలు వేసుకుని ఇదే పద్ధతిలో చేయండి.

అరకిలో ఆవకాయకు మీ ఖర్చు:
• మామిడికాయ, నూనె, కారం, ఆవపిండి వగైరా: 110 రూపాయలు
• కూలి: 30 రూపాయలు
• సీసా, అట్టపెట్టె, టేపు: 25 రూపాయలు
• మొత్తం: 165 రూపాయలు

మీరు 250 రూపాయలకు పెట్టారు. "85 రూపాయలు మిగులుతుంది" అనుకుంటాం. ఇప్పుడు కోతలు చూడండి.
• కమీషన్ 10 శాతం అనుకుంటే: 25 రూపాయలు
• రవాణా: 65 రూపాయలు
• ఫిక్స్‌డ్ ఫీజు: 5 రూపాయలు
• ఈ మూడింటి మొత్తం 95. దీనిమీద 18 శాతం జీఎస్టీ: 17 రూపాయల 10 పైసలు
• మొత్తం కోత: 112 రూపాయల 10 పైసలు

మీ ఖాతాలో పడేది 137 రూపాయల 90 పైసలు. మీ ఖర్చు 165. అంటే ప్రతి సీసాకూ 27 రూపాయలు నష్టం. వంద సీసాలు అమ్ముడైతే 2,700 రూపాయలు పోయినట్టు! ఆర్డర్లు ఎక్కువైన కొద్దీ నష్టమూ పెరుగుతుంది. "బాగా పోతోంది" అని సంబరపడుతూ మునిగిపోయేది ఇక్కడే. కూలి లెక్కలో వేసుకోకపోతే ఈ నష్టం కనిపించదు కూడా, సభ్యుల కష్టంలో కలిసిపోతుంది.

ఇదే సీసా నష్టం లేకుండా అమ్మాలంటే 281 రూపాయలు పెట్టాలి. 40 రూపాయలు మిగలాలంటే 326 పెట్టాలి. ఆ ధరకు కొంటారా అన్నది మీరే ఆలోచించాలి.

ఇంకో దారి ఉంది. ఆవకాయ అరకిలో, గోంగూర అరకిలో కలిపి ఒకే పెట్టెలో 520 రూపాయలకు పెట్టారనుకోండి.
• మీ ఖర్చు (సరుకు 220, కూలి 60, ప్యాకింగ్ 40): 320 రూపాయలు
• కమీషన్ 52, రవాణా 85, ఫిక్స్‌డ్ ఫీజు 5: మొత్తం 142 రూపాయలు
• దానిమీద జీఎస్టీ: సుమారు 25 రూపాయల 50 పైసలు
• ఖాతాలో పడేది: సుమారు 352 రూపాయలు
• మిగిలేది: సుమారు 32 రూపాయలు

రెండు సీసాలు కలిపినా రవాణా రెట్టింపు కాలేదు, ఫిక్స్‌డ్ ఫీజు పెరగలేదు. మిగులు అక్కడి నుంచే వచ్చింది. అందుకే ఆన్‌లైన్‌లో తక్కువ ధర వస్తువును విడిగా కాకుండా జతగా, కాంబోగా అమ్మాలి.

ఇప్పుడు ఆఖరి మెలిక. ఇరవై పెట్టెలు పంపితే ఒక పెట్టెలో సీసా పగిలింది అనుకుందాం. డబ్బు వాపసు ఇవ్వాలి. ఆ ఒక్క పెట్టె మీద తయారీ ఖర్చు 320, పంపిన ఖర్చు జీఎస్టీతో కలిపి 100, మొత్తం 420 రూపాయలు పోయాయి. మిగతా పంతొమ్మిది పెట్టెల మీద మిగిలింది సుమారు 616. తీసేస్తే చేతిలో 196 రూపాయలు. ఇరవై ఆర్డర్ల కష్టానికి ఒక్కోదానికి పది రూపాయలు కూడా కాదు. ఒక్క సీసా పగలడం అంత పని చేస్తుంది. కాబట్టి సీసాకు చుట్టే బబుల్ షీటు మీద, మూత లోపలి సీలు మీద రెండు మూడు రూపాయలు ఎక్కువ పెట్టడం దండగ కాదు. నూనె కారే మూత ఉన్న సీసా అయితే పగలకపోయినా అంతే సంగతి.

4. తూకం ఒక్కటే కాదు, పెట్టె కొలత కూడా

కొరియర్ వాళ్లు రెండు తూకాలు చూస్తారు. ఒకటి కాటా మీద వచ్చే బరువు. రెండోది పెట్టె పరిమాణం బట్టి లెక్కగట్టే బరువు. ఏది ఎక్కువైతే దానికే డబ్బు వసూలు చేస్తారు. చాలా కొరియర్లు వాడే లెక్క ఇది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించాలి. వచ్చిందే కిలోలు.

పూతరేకుల పెట్టె తీసుకోండి. కాటా మీద 600 గ్రాములే. కానీ పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 12 ఎత్తు ఉంటే, గుణిస్తే 7,200. 5,000తో భాగిస్తే 1.44. అంటే మీరు దాదాపు కిలోన్నరకు డబ్బు కట్టాలి. అదే పెట్టె ఎత్తు 12 నుంచి 8కి తగ్గిస్తే 0.96 కిలో, అంటే కిలో లోపే. అట్టపెట్టెలు కొనేటప్పుడు టేపు పట్టుకుని వెళ్లడం అందుకే. చెక్క బొమ్మలు, వెదురు బుట్టలు, లేసు అల్లికలు చేసేవారికి కూడా ఇదే లెక్క. బుట్టలు ఒకదాంట్లో ఒకటి ఇమిడేలా సెట్‌గా అమ్మితే గాలికి డబ్బు కట్టాల్సిన పని ఉండదు.

5. జీఎస్టీ: మన రాష్ట్రమా, పక్క రాష్ట్రమా?

మీటింగుల్లో ఎక్కువ అడిగే ప్రశ్న ఇదే. విడమరిచి చూద్దాం.

వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవర్ 40 లక్షల రూపాయలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలు.

ఒకప్పుడు మార్కెట్‌ప్లేస్‌లో అమ్మాలంటే ఎంత చిన్న వ్యాపారి అయినా జీఎస్టీ నంబరు ఉండాల్సిందే. 2023 అక్టోబరు 1 నుంచి అది సడలించారు. పరిమితి లోపు టర్నోవర్ ఉన్నవారు, పాన్ వివరాలతో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, ప్లాట్‌ఫామ్‌లో అమ్ముకోవచ్చు.

కానీ షరతు ఉంది: సొంత రాష్ట్రంలోనే అమ్మాలి.

అంటే గుంటూరు నుంచి విశాఖకు పంపొచ్చు. హైదరాబాద్‌కు పంపకూడదు. మనకు హైదరాబాద్ పరాయి ఊరనిపించదు, పిల్లలు అక్కడే చదువుకుంటారు, చుట్టాలు అక్కడే ఉంటారు. కానీ పన్ను లెక్కలో అది వేరే రాష్ట్రం. బెంగళూరు, చెన్నై కూడా అంతే. ఆన్‌లైన్‌లో మన పచ్చళ్లు, చీరలు కొనేవారు ఎక్కువగా ఆ ఊళ్లలోనే ఉంటారు కాబట్టి ఈ విషయం ముందే తేల్చుకోవాలి.

ప్లాట్‌ఫామ్ ద్వారా రాష్ట్రం బయటకు అమ్మాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. కానీ ఒకసారి తీసుకున్నాక మొదటి రూపాయి అమ్మకం నుంచే పన్ను లెక్క రాయాలి, అమ్మకాలు లేని నెలల్లో కూడా రిటర్న్ దాఖలు చేయాలి. మానేస్తే ఆలస్య రుసుం పడుతుంది. ఆడిటర్‌కు ఇచ్చే డబ్బు కూడా మీ ఖర్చులో వేసుకోండి. నేరుగా, ప్లాట్‌ఫామ్ లేకుండా అమ్మే కొన్ని చేతివృత్తుల వస్తువులకు రాష్ట్రం బయటి అమ్మకాల్లోనూ మినహాయింపు ఉంది. మీ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో జీఎస్టీ సేవా కేంద్రంలో అడగండి.

ఇంకో రెండు కోతలు మీ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. జీఎస్టీ ఉన్న అమ్మకందారుల నుంచి ప్లాట్‌ఫామ్ 0.5 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. ఆదాయపు పన్ను కింద 0.1 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది. ఈ రెండూ పోయిన డబ్బు కాదు, మీ పేరున జమ అయినవే. రిటర్న్‌లలో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు. వ్యక్తిగా అమ్మేవారు పాన్ లేదా ఆధార్ ఇచ్చి, ఆ ప్లాట్‌ఫామ్‌లో ఏడాదికి 5 లక్షల లోపు అమ్మితే టీడీఎస్ కోతే ఉండదు. అసలు ఇవ్వకపోతే మాత్రం 5 శాతం కోసేస్తారు.

6. లేబుల్ మీద ఏముండాలి?

తినే వస్తువు ఏదైనా, ఇంటి వంటగదిలో చేసినా సరే, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే ఆ నంబరు 14 అంకెలు ఉంటుంది. చిన్న తయారీదారులకు ఇది తక్కువ ఫీజుతోనే దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయొచ్చు.

లేబుల్ మీద ఇవి రాయాలి: వస్తువు పేరు, ఏమేం వేశారో ఆ దినుసులు, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్ నంబరు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, తయారు చేసినవారి పేరు చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, శాకాహారమైతే పచ్చ గుర్తు, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు. వేరుశనగ, నువ్వులు, ఆవాలు లాంటివి కొందరికి పడవు, అవి ఉంటే స్పష్టంగా రాయండి. అరకిలో అని రాసి 480 గ్రాములు పెడితే తూనికలు కొలతల శాఖ కేసు పెడుతుంది, కస్టమర్ ఎలాగూ మళ్లీ రారు.

చేనేత వారికి రెండు మాటలు. మరమగ్గం మీద నేసినదాన్ని చేనేత అని రాయొద్దు. అది కొన్నవారిని మోసం చేయడం, పక్కింటి నేతన్న పొట్ట కొట్టడం. నిజంగా చేనేతే అయితే హ్యాండ్లూమ్ మార్క్, పట్టు అయితే సిల్క్ మార్క్ తీసుకోండి. ఉప్పాడ జాందానీ, వెంకటగిరి, మంగళగిరి, ధర్మవరం చీరలకు, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకు, ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తు వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. మీ సొసైటీ లేదా సంఘం ద్వారా నమోదు చేయించుకుంటే, నకిలీ సరుకు పక్కన మీ సరుకు విడిగా తెలుస్తుంది.

7. ఫొటో, వివరణ: ఉన్నది ఉన్నట్టు

ఆన్‌లైన్‌లో కస్టమర్ ముట్టుకుని చూడలేరు, వాసన చూడలేరు. ఫొటో, రాసిన నాలుగు వాక్యాలు, అంతే ఆధారం.

ఫొటో పగటి వెలుగులో, వసారాలో తీయండి. నేరుగా ఎండలో వద్దు, ట్యూబులైటు కింద వద్దు. రంగు మార్చే ఫిల్టర్లు అసలు వద్దు. ఫోన్‌లో మామిడిపండు రంగులో మెరిసి, ఇంటికొచ్చాక పాలిపోయి ఉంటే చీర తిరిగొస్తుంది. అంచు, కొంగు, లోపలి వైపు విడివిడిగా తీయండి. చీర పొడవు, జాకెట్టు ముక్క ఉందా లేదా, నూలా పట్టా, ఎలా ఉతకాలి అన్నవి రాయండి. చేత్తో నేసినప్పుడు అక్కడక్కడా చిన్న ముడి ఉంటుందనీ, అది లోపం కాదనీ ముందే రాస్తే సగం ఫిర్యాదులు ఆగిపోతాయి.

పచ్చడికి కారం ఎంత ఉంటుందో, ఏ నూనె వాడారో, తెరిచాక ఎలా నిల్వ చేయాలో రాయండి. తెలియనివారు కూడా కొంటారు కదా.

8. రిటర్న్‌లు, ఫిర్యాదులు

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు 2020లో వచ్చాయి. వాటి ప్రకారం సరుకు లోపంగా ఉన్నా, నకిలీ అయినా, చెప్పినదానికి వేరుగా ఉన్నా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీ సరుకు మీద మీరే వేరే పేరుతో మంచి రివ్యూలు రాసుకోవడం కూడా నిషేధం.

అలాగని ప్రతి ఫిర్యాదూ నిజం కాకపోవచ్చు. కొత్త చీర పంపితే పాత చీర తిరిగొచ్చిన సందర్భాలు ఉంటాయి. అందుకే ప్యాక్ చేసేటప్పుడు ఫోన్‌లో చిన్న వీడియో తీయండి. ఆర్డరు నంబరు, సరుకు, సీలు వేయడం ఒకే వీడియోలో కనిపించాలి. తిరిగొచ్చిన పెట్టె విప్పేటప్పుడు కూడా అంతే. ప్లాట్‌ఫామ్‌కు మీరు పెట్టే క్లెయిముకు అదే సాక్ష్యం. క్లెయిముకు గడువు కొద్ది రోజులే ఉంటుంది, వాయిదా వేయొద్దు.

9. ఖాతా ఎవరి పేరు మీద?

దీన్ని చాలామంది చిన్న విషయం అనుకుంటారు. కాదు.

"మీకెందుకమ్మా శ్రమ, నేను రిజిస్టర్ చేసి పెడతాను" అని ఎవరో ఒకరు ముందుకొస్తారు. ఆయన పాన్, ఆయన ఫోన్ నంబరు, ఆయన బ్యాంకు ఖాతా పెడతారు. కొన్ని నెలలు బాగానే నడుస్తుంది. మీ సరుకుకు మంచి రేటింగ్, వందల రివ్యూలు వస్తాయి. రేపు ఆయనతో మాట పడకపోతే? ఆ రేటింగ్, ఆ రివ్యూలు, ఖాతాలో ఉన్న డబ్బు అన్నీ ఆయనవే. మీ చేతిలో మిగిలేది గరిటె ఒక్కటే.

కాబట్టి సంఘం వ్యాపారమైతే సంఘం పేరుతో పాన్, సంఘం బ్యాంకు ఖాతా, సంఘం కోసం విడిగా ఒక సిమ్ ఉండాలి. అబ్బాయి నంబరు పెడితే, అబ్బాయి ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిన రోజు ఓటీపీ కూడా వెళ్లిపోతుంది. పాస్‌వర్డ్ కనీసం ఇద్దరు సభ్యులకు తెలియాలి. నెలకోసారి సంఘం మీటింగులో అమ్మకాల స్టేట్‌మెంట్ చదివి, మినిట్స్ పుస్తకంలో రాయండి. కంప్యూటరు పని పిల్లల చేత చేయించుకోవచ్చు, హక్కు మాత్రం మీ దగ్గరే ఉండాలి.

10. మోసాలు: ఈ మూడు గుర్తుపెట్టుకోండి

"ఫలానా ప్లాట్‌ఫామ్ నుంచి మాట్లాడుతున్నాం, ఐదు వేలు కడితే మీ సరుకు మొదటి పేజీలో పెడతాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ రిజిస్ట్రేషన్ రెండింటికీ ప్రభుత్వ ఫీజు లేదు.

"పెద్ద ఆర్డరు ఇస్తున్నాం, అడ్వాన్స్ పంపుతాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది మోసమే. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు పోతుంది.

డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపించినంత మాత్రాన సరుకు పంపకండి. మీ ఖాతాలో జమ అయిందో లేదో మీరే చూసుకోండి.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. వినియోగదారుగా మీకు సమస్య వస్తే 1915.

11. సాయం ఎక్కడ దొరుకుతుంది?

• డ్వాక్రా సంఘాలు: మండల సమాఖ్య ఆఫీసులో ఏపీఎం, సీసీలను కలవండి. పట్టణాల్లో మెప్మా. ఈ-సరస్‌లో పెట్టడానికి వీళ్లే దారి చూపిస్తారు.
• చేనేత వారు: జిల్లా చేనేత జౌళి శాఖ ఆఫీసు.
• ఉద్యమ్ నమోదు, చిన్న పరిశ్రమల రాయితీలు: జిల్లా పరిశ్రమల కేంద్రం.
• బొమ్మలు, బుట్టలు, కుండలు చేసేవారు, దర్జీలు, వడ్రంగులు: 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. శిక్షణ, 15,000 రూపాయల పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి రుణంతో పాటు ఆన్‌లైన్ అమ్మకాలకు మార్కెటింగ్ సాయం కూడా అందులో భాగమే. గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి.

మొదటి నెలలో చేయాల్సినవి

① మీ దగ్గరున్న వస్తువుల్లో ఒకటి లేదా రెండు మాత్రమే ఎంచుకోండి: పాడవనిది, పగలనిది, పెట్టెలో ఇమిడేది.
② దాని తయారీ ఖర్చు, కూలితో సహా, కాగితం మీద రాయండి.
③ ఎంచుకున్న ప్లాట్‌ఫామ్ ఫీజుల పట్టిక తీసుకుని, మూడో భాగంలోని ఆవకాయ లెక్క మీ వస్తువుకు వేయండి. నష్టం వస్తే ధర మార్చండి, లేదా జత కట్టండి, లేదా ఆ వస్తువును సంతలోనే అమ్మండి. అదీ మంచి నిర్ణయమే.
④ రాష్ట్రం లోపలా, బయటకా అన్నది తేల్చుకుని దానికి తగ్గ జీఎస్టీ పని పూర్తి చేయండి.
⑤ లేబుల్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేదా హ్యాండ్లూమ్ మార్క్ సరిచూసుకోండి.
⑥ ఖాతా, ఫోన్ నంబరు, పాన్ సంఘం పేరు మీదే ఉన్నాయా చూడండి.
⑦ ముందు ఒక పెట్టె మీ ఊరి నుంచి దూరంగా ఉన్న చుట్టాలింటికి కొరియర్‌లో పంపండి. ఎలా చేరిందో ఫొటో తీసి పంపమనండి. పగలకుండా, కారకుండా చేరితేనే అమ్మకం మొదలుపెట్టండి.
⑧ ఇరవై ఆర్డర్లు అయ్యాక ఆగి, ఖాతాలో పడిన డబ్బులోంచి అయిన ఖర్చు తీసేసి చూడండి. మిగిలితే పెంచండి. మిగలకపోతే ఎక్కడ పోతోందో వెతికాకే ముందుకెళ్లండి.

ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదవడం రాని సభ్యులు ఉంటే, వచ్చే మీటింగులో మూడో భాగంలోని లెక్క ఒకరు పైకి చదవండి. ఆ లెక్క అందరికీ అర్థమైన రోజున మొదలుపెట్టినా ఆలస్యం అయినట్టు కాదు.